మూడువేల ఆరువందల గంటల నిద్ర

స్కూలు గేటు మీద ఫ్లెక్సీ కడుతుంటే హైమవతి ఆటోలోంచి దిగడం మరిచిపోయి అలాగే చూస్తూ కూర్చుండిపోయింది. ఆటో అతను "దిగండమ్మా" అని రెండుసార్లు అన్నాక గానీ కాలు కింద పెట్టలేదు. కాలు కింద పెట్టాక, తను ఇక్కడికెందుకు వచ్చిందో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది.

ఫ్లెక్సీలో పెద్ద బొమ్మ తన్వితది. ఆరువందలకి అయిదువందల తొంభై నాలుగు. పాపిడికి అడ్డంగా, వెండి రంగులో సన్నటి పట్టీ. కింద మూల గుండ్రటి చట్రంలో హైమవతి బొమ్మ. ఆమె నుదుటి మీదా అదే పట్టీ. "అమ్మ నిద్ర... బిడ్డ విజయం" అని బంగారు రంగు అక్షరాలు. బొమ్మలో ఆమె కళ్ళ కింద నలుపును కంప్యూటర్లో శుభ్రంగా తుడిచేశారు. ముందు ఆమె కంటికి ఆనింది అదే.

"వదినగారూ! ఇంక మిమ్మల్ని పట్టుకోలేమండి బాబూ" అంటూ వెనకనుంచి పద్మలత వచ్చింది. వీధిలో మూడో ఇల్లు వాళ్ళది. కూతురు తొమ్మిది పూర్తిచేసింది, జూన్‌లో పదికి వస్తుంది. "భీమవరం మొత్తం ఇదే ఫ్లెక్సీ. బస్టాండు దగ్గర మీ మొహం ఎంతుందనుకున్నారు? మా గుమ్మమంత ఉంది!"

హైమవతి నవ్వింది. ఏదో ఒకటి అనాలి. పద్మలత పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పదేళ్ళుగా పిలుస్తున్న పేరు. "లోపల చెకప్ ఉందండి, వస్తాను" అని మాత్రం అని మెట్లెక్కింది. ఇరవై రెండు మెట్లు. మధ్యలో గోడకి చేరబడి ఒకసారి ఆగింది.

జోడుపట్టీ ఈ స్కూలుకి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. అప్పుడు తన్విత తొమ్మిదిలో చేరింది. పైఅంతస్తులో ల్యాబు పెట్టి, హాల్లో తల్లులందరినీ కూర్చోబెట్టి ఒక డాక్టరుగారు చూపించారు. నిద్రలో మెదడు పగటి చెత్తంతా ఊడ్చుకుంటుందట. తల్లి నిద్రపోతుంటే ఆమె మెదడు ఊడ్చే లయని ఈ పట్టీ పట్టుకుని, పిల్ల తల మీదున్న రెండో పట్టీకి అందిస్తుందట. తల్లి ఇంట్లో పడుకుంటుంది, పిల్ల బళ్ళో మెలకువగా లెక్కలు చేసుకుంటూనే ఉంటుంది, పిల్ల మెదడు శుభ్రమైపోతుంది. "ఒకే చీపురు, రెండిళ్ళు" అన్నాడాయన. వెనక వరసలోంచి ఎవరో "మరి మా ఇల్లెవరూడుస్తారండీ?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, రోజుకి నాలుగు గంటలు మించొద్దని, మిగతా నిద్ర ఎవరిది వాళ్ళు పోవాలని చెప్పాడు. తల్లీబిడ్డలకే లయ కలుస్తుందన్నాడు. తండ్రులు ఊపిరి పీల్చుకున్నారు.

హైమవతి ఆ నాలుగు గంటలూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇచ్చేది. పడుకునేది, లేచేది. లేచేసరికి బియ్యం బస్తా మోసినట్టుండేది. అయినా పిల్ల సాయంత్రం బడినుంచి పొద్దున వెళ్ళినంత తాజాగా వచ్చేది. అది చూస్తే ముచ్చటగా ఉండేది.

ల్యాబులో షబానా ఒక్కతే ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, డాక్టరుగారు వెళ్ళిపోయాక యంత్రాలన్నీ తనే చూసుకుంటోంది. హైమవతి నుదుటి పట్టీ తీసి తెర ముందు పెట్టింది. తెర మీద రెండు రంగుల స్తంభాలు లేచాయి.

"ఆంటీ, కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

"ఇది మొదటి ఏడాది. రోజుకి నాలుగు, నాలుగు, నాలుగు. బాగుంది. ఇది జూలై నుంచి." షబానా వేలు తెర మీద ఒకచోట ఆగింది. "తొమ్మిది. రోజూ తొమ్మిది. ఎలా ఆంటీ?"

హైమవతికి దాచాల్సిందేమీ కనిపించలేదు. "రాత్రి కూడా పెట్టుకునేదాన్ని. పది వచ్చిందిగా. ఎలాగూ పడుకుంటాం కదా, ఆ నిద్ర ఊరికే పోవడమెందుకని."

"మరి మీకు?"

"నాకేం, పరీక్షలున్నాయా ఏమైనా?"

షబానా తెర మీది స్తంభాలు పక్కకి జరిపింది. తర్వాత రెండో పటం తెచ్చింది. అది తన్వితది. జూన్ దాకా ఎత్తుపల్లాలుగా, అలల్లా ఉన్న గీత ఆగస్టుకి సన్నబడింది. అక్టోబరుకి గచ్చు మీద పడేసిన దారంలా ఉంది.

"నాలుగు గంటలిస్తే పిల్ల మెదడు మిగతా పని తనే చేసుకుంటుంది ఆంటీ. చేతనైన పని మరిచిపోదు. మీరు మొత్తం చేసిపెట్టేసరికి దానికింక పనేముంది? మానేసింది. తన్విత నిద్ర పోవట్లేదు. పోలేదు కూడా. అక్టోబరునుంచి ఒక్క గంట లేదు."

"నిద్ర రావట్లేదమ్మా అని అంటూనే ఉంది" అంది హైమవతి నెమ్మదిగా. "శ్రద్ధ అనుకున్నాను."

ఆ మాట విన్నప్పుడల్లా తను లోపల ఎంత పొంగిపోయిందో గుర్తొచ్చింది. పాలు వేడిచేసి ఇచ్చేది. ఇచ్చి వెళ్ళి పడుకునేది, పట్టీ సరిచేసుకుని.

"నవంబర్లోనే పైన చెప్పాను ఆంటీ."

"పైన అంటే?"

"పైన అంటే కిందే. కరస్పాండెంటు రాజుగారి గది. రిజల్ట్స్ అవనీ అన్నారు. మీ గంటలు చూసి ఆయన సంబరపడిపోయారు. ఆఫీసులో చార్టు కూడా కట్టారు, ఏ అమ్మ ఎన్ని గంటలని. మీరే ఫస్టు." షబానా గొంతు తగ్గించింది. "నేను మీ ఇంటికొచ్చి చెప్పాల్సింది. రాలేదు. అది నా తప్పే."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆపేయాలి. పూర్తిగా. ఇప్పటినుంచి ఆపితే కొన్ని నెలల్లో తన నిద్ర తనకి రావచ్చు. చదువు వెనకపడుతుంది, అది ఖాయం. ఇంటర్‌కి ఇంకో రెండేళ్ళు ఇలాగే పెడితే మాత్రం వస్తుందని నేను చెప్పలేను."

"రాకపోతే?"

"మీరున్నంతకాలం పర్లేదు ఆంటీ" అంది షబానా. అనేసి, తెర ఆర్పేసింది.

కింద ఆఫీసులో కరస్పాండెంటు నరసింహరాజుగారు స్వయంగా లేచి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టారు. కాలేజీ కూడా వాళ్ళదే. ఇంటర్ రెండేళ్ళకీ పట్టీ కొనసాగించడానికి ఒప్పుదల పత్రం. "శనివారం అభినందన సభలో స్టేజీ మీద సంతకం పెడితే బాగుంటుందమ్మా. మిగతా తల్లులకి స్ఫూర్తి. క్లాసులు పదో తేదీనుంచే మొదలు" అన్నారాయన. ఆయన మంచి మనిషే. పిల్లల పేర్లన్నీ గుర్తుంటాయి. ఎవరికి జ్వరమొచ్చినా ఫోను చేసి అడుగుతారు.

ఇంట్లో తన్విత అప్పటికే ఇంటర్ మొదటి ఏడాది పుస్తకం సగం చేసేసింది. పొద్దున వేసిన ముగ్గు చెరిగిపోకముందే మూడు అధ్యాయాలు. హైమవతి దోసెల పిండి గిన్నె గట్టు మీద పెట్టి, షబానా చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తను తొమ్మిది గంటలిచ్చిన సంగతితో సహా.

తన్విత పెన్ను ఆపకుండానే వింది. "అయితే రెండేళ్ళు ఆగి మానేద్దాం."

"అప్పటికి రాకపోవచ్చంటోంది."

"రావచ్చు కూడా. రాకపోతే ఏమైంది? నిద్రవల్ల ఏమొస్తుందమ్మా, టైము వేస్టు తప్ప. మా క్లాసులో సాహితి వాళ్ళమ్మ నాలుగే ఇచ్చింది. అయిదువందల ఎనభై దగ్గర ఆగిపోయింది. ఎంత ఏడ్చిందో తెలుసా?"

"నేను లేనప్పుడు ఏం చేస్తావే?"

"ఎక్కడికెళ్తావు?" అంది తన్విత, నిజంగానే అర్థం కాక తలెత్తి. మళ్ళీ పుస్తకంలోకి చూసింది. "రెండేళ్ళేగా. అయినా నువ్వు చేసేదేముంది, పడుకోవడమేగా."

హైమవతి పిండిలో ఉప్పు వేసి కలిపింది. కలిపాక రుచి చూస్తే ఉప్పు కషాయం. పొద్దున ఒకసారి వేసింది మరి. గిన్నె అలాగే సింకు దగ్గర పెట్టి, బియ్యం కడగడం మొదలుపెట్టింది.

భర్త రవీంద్ర రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. రోజంతా చెరువుల గట్ల మీద తిరిగి తిరిగి వస్తాడు. అంతా విని, చెప్పులు విప్పకుండా అరుగు మీదే కూర్చున్నాడు. "శనివారం అయ్యేదాకా ఏమీ తేల్చకు హైమా. దాని రోజు అది. మా మేనేజరు కూడా వస్తానన్నాడు. తర్వాత చూద్దాం." తర్వాత అంటే పదో తేదీ అని, పదో తేదీ అంటే మళ్ళీ తొమ్మిది గంటలని ఇద్దరికీ తెలుసు.

ఆ స్కూల్లో అభినందన సభకి ఒక పద్ధతుంది. ర్యాంకులొచ్చిన పిల్లలు నల్ల గౌన్లు, కుచ్చు టోపీలు వేసుకుని స్టేజీ మీద తల్లుల కాళ్ళు కడుగుతారు. పది కుర్చీలు, పది ఇత్తడి పళ్ళేలు, చెంబుల్లో పసుపు నీళ్ళు, పక్కన బంతిపూలు. తల్లులు పట్టుచీరల్లో, నుదుటన పట్టీలతో వరసగా కూర్చున్నారు. నిద్రలేని పదిమంది ఆడవాళ్ళు ఒక్కచోట కూర్చుంటే ఎలా ఉంటుందో హైమవతి అప్పుడే చూసింది. చివరి కుర్చీలో సాహితి తల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి, మెడ మాత్రం కొంచెం కొంచెంగా వాలుతోంది.

"కాలు పళ్ళెంలో పెట్టమ్మా, ఫోటో తీస్తున్నారు" అంది తన్విత పళ్ళ మధ్యనుంచి. చకచకా నీళ్ళు పోసింది, చకచకా పసుపు రాసింది. మిగతా పిల్లలు రెండో పాదం మొదలుపెట్టేసరికి ఈ పిల్ల పూలు కూడా వేసేసి లేచి నిలబడింది. టోపీ కుచ్చు సరిచేసుకుంది. ఫస్టు ఇందులోనూ తనే.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం పాదాల్లోంచి పైకి పాకుతుంటే హైమవతికి రెప్పలు బరువెక్కాయి. గోరుతో బొటనవేలు నొక్కుకుంది.

నరసింహరాజుగారు మైకు అందుకున్నారు. మార్కులు చదివారు, చప్పట్లు. తర్వాత ఒక చార్టు తెప్పించారు. "పిల్లల మార్కులు విన్నారు. ఇప్పుడు అమ్మల మార్కులు వినండి!" అన్నారు. "అందరమ్మలూ రోజుకి నాలుగు గంటలిచ్చారు. ఒక్క అమ్మ మాత్రం... ఎన్ని గంటలో తెలుసా? రోజుకి తొమ్మిది! రెండేళ్ళకీ కలిపి మూడువేల ఆరువందల గంటలు! అందుకే ఆ బిడ్డ జిల్లాకే తలమానికమైంది. ఈ ఏడాదినుంచి ఎక్కువ గంటలిచ్చిన తల్లికి మన స్కూలు ప్రత్యేక బహుమతి పెడుతోంది."

హాలు హోరెత్తింది. శాలువా భుజాల మీద పడింది. రెండో వరసలో పద్మలత పక్కావిడ చెవిలో ఏదో అంటోంది. అని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటోంది. ఏం లెక్కపెడుతోందో హైమవతికి తెలుసు. రాత్రి పది నుంచి పొద్దున ఎన్నింటి దాకా, మధ్యాహ్నం ఎంత. తను కూడా కిందటి జూలైలో సరిగ్గా అలాగే లెక్కపెట్టుకుంది.

"ఒక్క మాటమ్మా" అని మైకు ముందుకొచ్చింది. వెంట పత్రం, పెన్ను.

హైమవతి లేచి నిలబడింది. తడికాళ్ళ కింద పళ్ళెం చప్పుడైంది.

"నాలుగు గంటలన్నారండి" అంది. గొంతు హాలంతా వినబడేసరికి ఆమెకే బెదురు పుట్టింది. "నేను తొమ్మిదిచ్చాను. ఎవరూ అడగలేదు. పిల్ల చాలమ్మా అంటున్నా ఇంకో గరిటె వడ్డిస్తాం చూడండి, అలా ఇచ్చాను. మా అమ్మాయి ఏడునెలలనుంచి నిద్రపోలేదండి. పోదామన్నా రాదిప్పుడు. ఆ సంగతి మరిచిపోయింది. ల్యాబులో గీత ఉంది, అడిగితే చూపిస్తారు. ఇది బహుమతివ్వాల్సిన సంగతి కాదండి. దయచేసి ఎవరూ..."

తర్వాతి మాట దొరకలేదు. ఎవరూ ఇలా చెయ్యకండి అనాలి. ఆ చిన్న మాట ఎక్కడో జారిపోయింది. నోరు తెరిచి అలాగే నిలబడింది. ముందు వరసలో రవీంద్ర తల దించుకున్నాడు, పక్కన మేనేజరు. తన్విత మొహం టోపీ కింద ఎర్రగా కందింది.

నరసింహరాజుగారు మెల్లగా మైకు తీసుకున్నారు. ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. "చూశారా! మాట కూడా రానంతగా అలిసిపోయిందా తల్లి. తన తప్పని చెప్పుకుంటోంది. అదీ అమ్మంటే. గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. ఇందాకటికంటే ఎక్కువే.

హైమవతి పెన్ను పట్టుకోలేదు. నుదుటి పట్టీ తీసి పత్రం మీద పెట్టి, మెట్లు దిగింది. మెట్ల కింద నిలబడ్డ షబానా చెయ్యి అందించింది. "మొత్తం చెప్పలేకపోయానమ్మా" అంటే, "గీత నేను చూపిస్తా ఆంటీ, ఎవరొచ్చినా" అంది.

భోజనాల దగ్గర పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడితే ఎవరూ పక్కకి రాలేదు. చివరికి పద్మలతే వచ్చింది. చేతిలో తన కూతురి ఒప్పుదల పత్రం మడిచి ఉంది. సంతకం ఉందో లేదో కనబడలేదు.

"భలే చెప్పారు వదినగారూ" అంది. "మీ పిల్లకి అయిదువందల తొంభై నాలుగొచ్చేశాక."

హైమవతి చేతిలో పళ్ళెం పక్కనున్న బల్ల మీద పెట్టింది. ఉన్నమాటే కదా. "మీ పాపకి నాలుగు దాటనివ్వకండి పద్మలతగారూ" అంది. పేరు ఈసారి వచ్చింది. పద్మలత ఒక్క క్షణం నిలబడి, "చూస్తాలెండి" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేదాకా తన్విత టోపీ కూడా తియ్యలేదు. గుమ్మంలో గౌను విప్పి ఉండచుట్టి కుర్చీలోకి విసిరింది.

"నాకు ముందు చెప్పి ఉండొచ్చు, అందరిలో అంటావని."

"చెప్పాల్సింది. చెప్తే నన్ను ఆపేదానివి."

"సాహితి నవ్వుతోందమ్మా! నిద్ర పోవడం కూడా రాదట దీనికి, అని. నా రోజు అది. ఒక్క రోజు. ఇంక నాకేం రాదు, చూస్తూండు. ఫస్టు కాదు కదా, పాసవడం కూడా రాదు. నీకు సంతోషమేగా?"

"లేదు" అంది హైమవతి. నిలబడే ఓపిక లేక గచ్చు మీద కూర్చుంది. "సంతోషంగా ఏం లేదు."

తన్విత పాపిడిలోంచి పట్టీ పీకి తన బల్ల మీద కాదు, తల్లి ఒళ్ళో పడేసింది. జోడు లేని పట్టీ దేనికీ పనికిరాదని ఇద్దరికీ తెలుసు.

మొదటి నాలుగు రోజులూ పిల్లకి ఏమీ కాలేదు. పుస్తకం తీసి కూర్చునేది, గెలిచినట్టు చూసేది. అయిదో రోజు అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. ఆరో రోజు చేసిన లెక్కే మళ్ళీ చేసి, రెండోసారి తప్పు రాసి, పుస్తకం గోడకేసి కొట్టింది. మంచం మీద పడుకోమంటే పడుకుని కప్పుకేసి చూస్తూ ఉండేది, కళ్ళు మూస్తే లోపల ఏదో గిర్రున తిరుగుతోందని లేచిపోయేది. పదో తేదీ వచ్చింది. కాలేజీ బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోయింది. రవీంద్ర ఆ రోజు ఇంట్లోనే ఉండి, ఎవరూ అడగకుండానే గిన్నెలు తోమాడు.

పదమూడో తేదీ మధ్యాహ్నం. హైమవతి చాప మీద బట్టలు మడతపెడుతోంది. తనకీ ఇంకా నిద్ర చాలడం లేదు. పడుకుంటే పడుతుంది గానీ, ఇన్నాళ్ళ బాకీ ఒక్కసారి తీరేదా? తలుపు దగ్గర అలికిడైతే తలెత్తింది.

తన్విత తలుపు పట్టుకుని నిలబడింది. జుట్టు చెదిరిపోయి ఉంది. చెంపల మీద కన్నీళ్ళు. ఏడుస్తున్నట్టు తనకే తెలియదు కాబోలు, తుడుచుకోవడం లేదు.

"అమ్మా, నాకేదో అవుతోంది. ఒళ్ళంతా బరువుగా ఉంది. చేతులు నావి కానట్టున్నాయి. ఊరికే ఏడుపొస్తోంది, కారణమేం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

హైమవతి చేతిలో చొక్కా కింద పెట్టింది. ఉన్నచోటే జరిగి, చాప మీద బట్టలు ఒక పక్కకి నెట్టింది.

"డాక్టరొద్దు. ఇలా రా."

"చచ్చిపోతానా?"

"లేదమ్మా. అలిసిపోయావు, అంతే. ఇలా పడుకో. ఇటు తిరుగు. కాలు ముడుచుకో. ఊహూ, కళ్ళు గట్టిగా మూయకు, వాటంతటవే పడతాయి."

"తర్వాత?"

"తర్వాతేం లేదు."

"ఏదో ఒకటి చెయ్యాలిగా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా ఉండు."

పిల్ల మెలికలు తిరిగింది. చాప గుచ్చుకుంటోందంది, ఫ్యాను చప్పుడంది, దాహమంది, వద్దంది. హైమవతి పక్కన ఒత్తిగిలి వీపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టింది. బయట కొబ్బరిబొండాల బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఎన్నిసార్లు తట్టిందో లెక్క తెలియలేదు. చేతి కింద ఊపిరి ఒకసారి పొడుగ్గా సాగి, మళ్ళీ పొట్టిదైంది. దగ్గరదాకా వచ్చి వెనక్కిపోతోంది, అనుకుంది. తన రెప్పలు తనవి కాకుండా పోతున్నాయి. మడతపెట్టిన దుప్పటి బుగ్గకి మెత్తగా తగిలింది. చెయ్యి బరువెక్కి, పిల్ల వీపు మీదే ఆగిపోయింది.

"అమ్మా" అంది తన్విత, నీళ్ళలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "ఆపకు."

హైమవతి కళ్ళు తెరవకుండానే మళ్ళీ తట్టసాగింది.